మా యింటి నీటి మోటారునకు జావాస్క్రిప్టు నేర్పిన వైనము

యంత్రమునకు ఆజ్ఞ యిచ్చువాడు యంత్రము చెంతనే నిలిచి యుండవలెనను నియమము తొలగి చాల కాలమైనది. 1835 ప్రాంతమున అమెరికా శాస్త్రజ్ఞుడగు జోసెఫ్ హెన్రీ రిలే యను సాధనమును నిర్మించినది మొదలు, ఒకచోట స్వల్పమైన విద్యుత్తును పంపి, మరియొకచోట బలమైన విద్యుత్తును పారించుటయు ఆపుటయు సాధ్యమైనది. తంతివార్తలు దూరదేశములకు ప్రాకుటకు ఈ సూత్రమే తోడ్పడినది. మన దేశమున తంతి వ్యవస్థ 2013 సంవత్సరము జూలై నెలలో ముగిసినది గాని, రిలే మాత్రము ముగియలేదు. అగ్గిపెట్టె యంత రూపము దాల్చి నేటికిని నా బల్లమీద టిక్కు టిక్కుమని పలుకుచున్నది. దానిని పలికించుచున్న చిన్న బోర్డును గూర్చియు, ఆ బోర్డు ఎవరి మాట వినవలెనను చిక్కు ప్రశ్నను గూర్చియు ఈ వ్యాసమున ముచ్చటింప దలచితిని.

పత్రికా సంపాదకులు పూర్వవిద్యార్థినైన నన్ను విజ్ఞానవిషయకమైన వ్యాసము నొకదానిని పంపుమని కోరిరి. గ్రంథములందు లభించు సంగతులను తిరుగ వ్రాయుట కంటె, నా చేతులతో చేసి చూచిన పనిని చెప్పుటయే మేలని తోచినది.

నేను హైదరాబాదున ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగమున నున్నాను. మా నాయనమ్మ కృష్ణా డెల్టాలోని మా గ్రామమున ఒంటరిగా నివసించుచున్నది. ఎనుబదియేండ్లు దాటినను, ఎంత బ్రతిమాలినను, పట్టణమునకు రాదు. పెరటిలో బోరును, దానికి ఒక హార్సుపవరు మోటారును, డాబామీద 1000 లీటర్ల ట్యాంకును కలవు. మోటారు వేసిన పిమ్మట ట్యాంకు నిండినదో లేదో తెలిసికొనవలెనన్న ఆమె పదునెనిమిది మెట్లెక్కవలెను. వానకాలమున ఆ మెట్లకు పాకుడు పట్టును. మోకాళ్లనొప్పులు గల వృద్ధురాలు ఒక చేత గోడ పట్టుకొని ఆ మెట్లెక్కుట తలపునకు వచ్చినప్పుడెల్ల నాకు ఇక్కడ అన్నము సయించెడిది కాదు. కొన్ని దినములలో మోటారు వేసి కునుకు తీసెడిది. "మామ్మగారూ, ట్యాంకు పొంగిపోతోంది!" అని పొరుగువారు కేకవేసిన గాని మెలకువ వచ్చెడిది కాదు. నీరు పొంగిన పోనిమ్ము. ఆ కేక విని ఆమె గబగబ తడి మెట్లవైపు పోవుటయే నా భయము.

మైక్రోకంట్రోలరు అనగా ఒక్క చిప్పునందే లెక్కలు వేయు భాగమును, జ్ఞాపకశక్తియు, బయటి వస్తువులతో మాటలాడు పిన్నులును ఇమిడియున్న చిన్న కంప్యూటరు. దీనిని వాడుటకు వీలుగా పలకపై బిగించి అమ్ముదురు, అదియే బోర్డు. 2005 ప్రాంతమున ఇటలీ దేశములోని ఇవ్రేయా పట్టణమున పుట్టిన ఆర్డుయినో బోర్డు ఈ విద్యను విద్యార్థులకు అందుబాటులోనికి తెచ్చినది. 2014 లో షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థవారు వెలువరించిన ఇ.ఎస్.పి. 8266 అను చిప్పునకు వైఫై కూడ చేరుటచే, కొద్ది వందల రూపాయలకే ఇంటర్నెట్టుతో మాటలాడు బోర్డు దొరకసాగెను. నేను కొన్నది ఇట్టిదే. రెండు వ్రేళ్ల వెడల్పు గల ఈ పలకయందలి గడియారము సెకనునకు ఎనిమిది కోట్ల మారులు కొట్టుకొనును.

అయినను దాని బలము మిక్కిలి స్వల్పమని మరువరాదు. దాని పిన్నునందు 3.3 వోల్టులు మాత్రమే కలుగును. పన్నెండు మిల్లీ ఆంపియరులకు మించి లాగరాదు. ఒక హార్సుపవరు అనగా 746 వాట్లు. 230 వోల్టుల వద్ద అట్టి మోటారునకు మూడు ఆంపియరులకు మించియే కావలెను. తిరుగుట మొదలుపెట్టు క్షణమున అంతకు అయిదారు రెట్లు కావలెను. కావున బోర్డు మోటారును నేరుగా తాకదు. బోర్డు రిలేకు చెప్పును, రిలే కాంటాక్టరునకు చెప్పును, కాంటాక్టరు మోటారునకు విద్యుత్తు నిచ్చును. గుమాస్తా చెప్పగా తహసీలుదారు చెప్పినట్లు! ఈ కడపటి రెండింటి పని మా యూరి ఎలక్ట్రీషియను చేసెను. చిన్న తరగతుల సోదరులారా, 3.3 వోల్టులతో మీ యిచ్చవచ్చినట్లు ఆడుకొనుడు. 230 వోల్టుల వైపు మాత్రము తెలిసినవారు లేక పోవలదు.

ఇక భాష. ఇట్టి బోర్డులకు సాధారణముగా సి భాషలో ప్రోగ్రాములు వ్రాయుదురు. నేను జావాస్క్రిప్టును ఎన్నుకొంటిని. ఇది వెబ్ పేజీలకై పుట్టిన భాష. 1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ అనునాతడు దీని తొలిరూపమును పది దినములలో సిద్ధపరచెను. ఆ తొందర గుర్తులు భాషయందు నేటికిని కనబడును. అవి చూచి పండితులు ముక్కు విరుతురు. కాని ఒక విషయమున ఈ భాష యంత్రములకు కుదిరినట్లు మరియొకటి కుదురుట అరుదని నా యభిప్రాయము.

మా నాయనమ్మ పొయ్యిమీద పాలు పెట్టి వాటిని చూచుచు నిలువబడదు. పప్పులో రాళ్లేరును, పూలమ్మితో బేరమాడును. చెవి మాత్రము పాలమీద నుండును. పొంగు చప్పుడు వినబడగానే లేచి దించును. జావాస్క్రిప్టు పద్ధతియు ఇదియే. "ఈ సంగతి జరిగినప్పుడు ఈ పని చేయుము" అని ముందుగా చెప్పి యుంచినచో, అది జరుగువరకు భాష తక్కిన పనులను చూచుకొనుచుండును. వెబ్ పేజీలో మీట నొక్కుట యెట్టిదో, పైపులో నీరు కదలుటయు, వైఫైమీద కబురు వచ్చుటయు అట్టివే. సెట్‌వాచ్ అను ఆజ్ఞ పిన్నును కనిపెట్టి యుండును. సెట్‌టైమవుట్ అనునది ఇంత కాలము గడచిన పిమ్మట లేపును. డిజిటల్‌రైట్ అనునది పిన్నును ఎత్తును లేక దించును. ఈ మూడింటితోనే మా యింటి మోటారు పని ముప్పాతిక వంతు ముగిసినది.

బోర్డును జావాస్క్రిప్టుతో నడుపుటకు రెండు మార్గములు కలవు. ఇచ్చట చదువరులు కొంచెము ఓపిక వహింపవలెను. ఏలయన నా కథ యంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది.

మొదటి మార్గమున ప్రోగ్రాము కంప్యూటరులో నుండును, బోర్డు దాని సేవకుడు. 2009 లో రయన్ డాల్ వెలువరించిన నోడ్ జె.ఎస్. వలన జావాస్క్రిప్టు వెబ్ బ్రౌజరు దాటి వచ్చినది. 2012 లో రిక్ వాల్డ్రన్ ప్రారంభించిన జానీ-ఫైవ్ అను ప్రోగ్రాముల సంపుటి, కంప్యూటరునందలి ఆలోచనను ఫర్మాటా యను సంకేతభాషలో బోర్డునకు ముక్కముక్కగా చెప్పును: "ఈ పిన్ను ఎత్తుము", "ఆ పిన్ను చూచి చెప్పుము". బోర్డునకు స్వంత బుద్ధి యక్కర లేదు. ఆర్డుయినో ఊనో వంటి 2 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల బోర్డులో జావాస్క్రిప్టు ఇముడదు గనుక, దానికి ఈ మార్గము తప్ప వేరు లేదు.

రెండవ మార్గమున భాష బోర్డులోనే కాపురముండును. గోర్డన్ విలియమ్స్ అను ఆంగ్లేయుడు రచించి 2013 లో చందాల మూలమున లోకమునకు తెచ్చిన ఎస్ప్రూయినో అట్టిది. బోర్డు పని చేయుచుండగనే కంప్యూటరునుండి ఒక పంక్తి వ్రాసి పంపినచో వెంటనే దాని నర్థము చేసికొని నెరవేర్చును. ప్రోగ్రామును మార్చిన ప్రతిసారి మొదటినుండి తర్జుమా చేసి బోర్డులోనికి ఎక్కించు శ్రమ లేదు. చిన్ననాడు మొదటి మారు బ్యాటరీకి బల్బును తగిలించి వెలిగించినప్పటి ఆనందము దీనివలన మరల కలిగినది.

సెలవులలో ఇంటికి పోయి, మోటారునకు బదులు చిన్న దీపమును పెట్టి రెండు మార్గములను పరీక్షించుచుంటిని. నాయనమ్మ చేటలో బియ్యము పెట్టుకొని ప్రక్కన కూర్చుండి చూచుచుండెను. జానీ-ఫైవ్ పద్ధతిలో ల్యాపుటాపుమీద వ్రాసిన మాటకు ఊనో బోర్డు దీపమును వెలిగించెను.

"మరి, ఆ మాట అందకపోతే?" అని ఆమె యడిగెను.

"అందకపోవడమేమిటి నాయనమ్మా?" అంటిని.

"కేబులు వాడు తీగ తెంపుతాడు, నీ ఫోను చచ్చిపోతుంది, నీకు నిద్రొస్తుంది. వెయ్యమన్నావు, వేసింది. ఆపమనడానికి నువ్వు లేవు. అప్పుడేం చేస్తుందిరా అది?"

ల్యాపుటాపులోని ప్రోగ్రామును హఠాత్తుగా ఆపి చూచితిని. దీపము వెలుగుచునే యుండెను. కడపట విన్న మాట "వెలిగించుము" అనునది. దానిని కాదనుటకు ఎవరును రాలేదు. కావున బోర్డు వెలిగించుచునే యున్నది. అది బోర్డు తప్పు కాదు. సేవకుడు యజమాని మాటను తుచ తప్పక పాటించుచున్నాడు. కాని దీపము స్థానమున మోటారున్నదనుకొనుడు, బోరులో నీరు తగ్గినదనుకొనుడు. నీరు లేక తిరిగిన మోటారు సీళ్లు మాడి, గంటలో ఇనుపముద్దయై కూర్చుండును. నేను హైదరాబాదులో మీట నొక్కి, ఆపుటకు మరల మీట నొక్కు ఏర్పాటు ఎంత సొగసుగ నున్నను, మా యింటికి పనికిరాదని ఆ క్షణమున నిశ్చయించితిని. బోర్డు తన పని ఎప్పుడు ఆపవలెనో తానే తెలిసినదై యుండవలెను. ఎస్ప్రూయినోను ఎన్నుకొనుటకు కారణమిదియే గాని, పంక్తి పంపగనే పలుకునను సరదా కాదు.

ఏర్పాటు ఇట్లు కుదిరినది. దూరమునుండి నేను పంపునది ఇక ఆజ్ఞ కాదు, గడువు గల అనుమతి. "అయిదు నిమిషములు నడుపుము" అని మాత్రమే చెప్పగలను. గడువు తీరకముందే మరల అనుమతి రానిచో బోర్డు మోటారును తనంత తానే ఆపును. మొత్తము మీద ఒక్కసారికి ముప్పది నిమిషములకు మించి, ఎవరెన్ని మారులు చెప్పినను, నడుపదు. మా ట్యాంకు నిండుటకు ఇరువదియైదు నిమిషములు చాలును. పైపులో నీటి వేగమునకు తిరుగు చిన్న చక్రము గల సెన్సారు నొకదానిని బిగించితిని. ఆ చక్రము తిరిగినప్పుడెల్ల బోర్డునకు ఒక స్పందనము చేరును. మోటారు మొదలైన నిమిషములోపల స్పందనములు రాకున్నచో, బోరు ఎండినదని భావించి ఆపును. విద్యుత్తు పోయి వచ్చినప్పుడు మోటారు తనంత మొదలు కాదు. ఇందులకు ఒక చిన్న మెలకువ అవసరమైనది: ఈ చిప్పు మేల్కొను సమయమున 0, 2, 15 సంఖ్యల పిన్నులను చూచి తన ప్రోగ్రామును ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనో తేల్చుకొనును. అట్టి పిన్నులకు రిలే తగిలించుట చిక్కులు కొనితెచ్చుకొనుటయే. అందుచే 5 సంఖ్య గల పిన్నునకు తగిలించితిని.

ఇందులో అన్నిటి కంటె నమ్మకమైన భాగమునందు జావాస్క్రిప్టు లేశమైనను లేదు. ట్యాంకు అంచున తేలు బంతి యొకటి కలదు. నీరు నిండగనే అది పైకి లేచి కాంటాక్టరు తీగనే విడదీయును. బోర్డునకు మతిపోయినను, ప్రోగ్రాములో ఎట్టి దోషమున్నను, ట్యాంకు పొంగదు. ప్రోగ్రాములు వ్రాసి బ్రతుకువాడనయ్యును ఈ మాట వ్రాయుటకు నాకు సంకోచము లేదు: బంతితో తీరు పనిని ప్రోగ్రామునకు అప్పగింపరాదు.

పరీక్షాదినమున నాయనమ్మయే రూటరు ప్లగ్గు పీకినది. మోటారు మ్రోగుచునే యున్నది. ఆమె గోడగడియారమువైపు చూచుచు, "నాలుగు... ఇంకా ఆగలేదు" అని నన్ను దెప్పిపొడిచెను. అయిదు నిండకముందే మోటారు ఆగినది. "సరే" అని మాత్రమనెను. ఆమె నోట అది పెద్ద మెప్పు.

అయినను ఆమెతో వాదము ముగియలేదు. కొన్ని నెలలకు మోటారు శబ్దము చేయుచున్నదని మెకానిక్కును పిలిపించెను. అతడు పెరటిలో కూర్చుండి మోటారు విప్పబోవుచుండగా, ఆమె గోడవద్దకు పోయి పింగాణి ఫ్యూజును ఊడబెరికి, చీరచెంగున మూటగట్టి బొడ్డున దోపుకొనెనట. అతడు పని ముగించి చేతులు కడిగికొను వరకు దానిని మరల పెట్టలేదు. ఫోనులో నాతో, "వాడి వేళ్లు లోపలున్నప్పుడు నువ్వక్కడ నొక్కావనుకో? నీకేం కనబడుతుంది?" అనెను. నాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఏలయన ఆమె చెప్పినది కార్ఖానాలలో మొదటి దినమున నేర్పు నియమమే. మరమ్మతు చేయువాడు విద్యుత్తును స్వయముగా త్రెంచి, ఆ తాళమును తన యొద్దనే యుంచుకొనవలెను. దూరమునుండి నడుచు యంత్రము విషయమున ఈ నియమము ఇంకను ముఖ్యము. నడుపువానికి అచ్చటి చేతులు కనబడవు. ఇప్పుడు మోటారు ప్రక్కన ఎఱ్ఱని పిడి గల స్విచ్చు నొకటి పెట్టించితిమి. అది దించియున్నంత కాలము ఏ ఫోనును, ఏ ప్రోగ్రామును మోటారును కదలింపజాలదు. ఆమె మాత్రము నేటికిని ఫ్యూజు కూడ పీకుచునే యున్నది.

మరియొక భయమును గూర్చి చెప్పవలెను. 2016 లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము ఇంటర్నెట్టునకు తగిలించిన కెమేరాలలోను రూటరులలోను లక్షల సంఖ్యలో జొరబడినది. అది గొప్ప గణితమును ప్రయోగింపలేదు. తయారుచేసినవారు పెట్టి పంపిన సంకేతపదములను ఇంచుమించు అరువదింటిని వరుసగా ప్రయత్నించినది, అంతే. కొన్నవారు వానిని మార్చలేదు. ఆ సంవత్సరము అక్టోబరు 21 వ తేదీన అట్టి పరికరములు ఒక్కుమ్మడిగా డైన్ అను సంస్థపై విరుచుకొని పడగా, పేరుపొందిన వెబ్‌సైట్లు అనేకములు గంటల తరబడి అందలేదు. మా బోర్డు బయటివారికై తలుపు తెరచి కూర్చుండదు. తానే బయటికి పోయి, నేను అద్దెకు తీసికొన్న సర్వరు నొక్కదానితో మాత్రము మాటలాడును. దూరమునుండి పంక్తి వ్రాసి పంపు సౌకర్యమును, ఎంత ముద్దుగ నున్నను, పని ముగియగనే మూసివేసితిని.

ఆ సర్వరుతో మాటలాడుటకు వాడు పద్ధతి పేరు ఎం.క్యు.టి.టి. 1999 లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనువారు, ఎడారిలోని చమురు గొట్టములను ఉపగ్రహము మూలమున కనిపెట్టుటకై దీనిని రచించిరి. తక్కువ మాటలతో, తెగిపోవు సంబంధముల నడుమ కబురు చేర్చుట దీని నేర్పు. అనుభవముమీద నాకు తేలినదేమన, మా యింటికి ఇంటర్నెట్టు అవసరమైనది ఆజ్ఞకు కాదు, వార్తకు. నిత్యము ప్రొద్దుట నాయనమ్మ వంటింటి గుమ్మము ప్రక్కనున్న మీటను తానే నొక్కును. బంతి తానే ఆపును. ఇంటర్నెట్టు లేకున్నను ఈ పని జరుగును. నా ఫోనులో "ట్యాంకు నిండినది" అను పంక్తి ఆరున్నర ప్రాంతమున కనబడును. అనగా ఆమె లేచినది, వంటింటికి నడచి వచ్చినది, మెట్లెక్కలేదు. ఎనిమిదింటివరకు ఆ పంక్తి రాకున్నచో నేను ఫోను చేయుదును. ఇంతవరకు రెండే మారులు రాలేదు: ఒకమారు విద్యుత్తు లేదు, మరియొకమారు ఏకాదశి జాగరణచేసి ఆలస్యముగా లేచినది. ఆ రెండు ప్రొద్దులును నేను కాఫీ త్రాగలేదు.

ఎం.క్యు.టి.టి. యందు విచిత్రమైన యేర్పాటొకటి కలదు. దానిని వీలునామా యని పిలుచుచున్నారు. బోర్డు సర్వరుతో మొదట కలిసినప్పుడే, "నేను చెప్పక మాయమైనచో నా పేర ఈ మాట ప్రకటింపుడు" అని ఒక వాక్యమును వ్రాసి యిచ్చును. పిమ్మట నిర్ణీత కాలమునకొక మారు తాను బ్రతికియున్నట్లు తెలుపుచుండును. ఆ కాలమునకు ఒకటిన్నర రెట్లు గడచినను కబురు లేనిచో, సర్వరు ఆ వీలునామాను చదివి వినిపించును. మా బోర్డునకు కాలము ఒక నిమిషము. కావున విద్యుత్తు పోయిన తొంబది సెకనులకు నాకు తెలియును. మొదట నేను ఆ చోట "బోర్డు సంబంధము తెగినది" అని వ్రాసితిని. కిందటి సెలవులలో ఇది యేమని నాయనమ్మ యడుగగా వివరించితిని. వీలునామా అన్న మాట విని నవ్వి, అట్లయిన వాక్యము తానే చెప్పుదునని, చేటను ప్రక్కన పెట్టి, నాచేత వ్రాయించెను: "కరెంటు పోయింది. నేను బాగానే ఉన్నాను. అన్నం తిను."